అల ఒప్పుకోకపోతే మిస్సైల్ బోటు కూడా ఒడ్డునే: 1971 కరాచీ నుంచి ఇప్పటి జెమినీల దాకా

బందరు_బాబు:
ఒక సందేహం, తెలిసినవాళ్ళు తీర్చండి. కొన్నేళ్ళ క్రితం నేవీ విన్యాసాలు చూద్దామని వైజాగ్ ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. హెలికాప్టర్లు, పెద్ద ఓడలు అన్నీ బాగానే ఉన్నాయి గానీ నా కళ్ళు మాత్రం మార్కోస్, అంటే నేవీ కమాండోల రబ్బరు పడవల మీదే, అదే జెమినీల మీదే. ఒడ్డు ఇంకా వంద గజాలు ఉందనగా ఒక పడవ ఆగింది. ఇంజన్ చెడిపోయి కాదు, నడిపే అతనే ఆపి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఒక అల పోనిచ్చాడు, రెండోది పోనిచ్చాడు, మూడోది కూడా పోయాక ఒక్కసారి ఇంజన్ అందుకుని ఇసక మీదకొచ్చి పడ్డారు. నా పక్కన నిలబడ్డ జాలరి పెద్దాయన "ఈడికి లెక్క తెలుసు" అని నవ్వి ఊరుకున్నాడు.

అప్పట్నుంచి ఇదే ఆలోచన. యూట్యూబ్‌లో చిన్న యుద్ధ పడవల గురించి ఎంతసేపూ వేగం ఇన్ని నాట్లు (వరి నాట్లు కాదులెండి), మిస్సైల్ రేంజి ఇంత, ఇదే గోల. సముద్రం సంగతి ఎవరూ ఎత్తరు. 1971లో కరాచీ మీదకి మొదటిసారి మూడు మిస్సైల్ బోట్లు వెళ్ళాయి, నాలుగు రోజుల తర్వాత రెండోసారి ఒక్కటే వెళ్ళింది, ఆ రాత్రి సముద్రం బాగాలేదు అని చదివాను. బాగాలేకపోతే ఏమవుతుంది అసలు? బోటు మునుగుతుందా? మునగకపోతే వెళ్ళడానికేం?

చరిత్ర_పేజీ:
ముందు ఆ బోట్లు ఏంటో చెప్తాను, అది తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. అవి సోవియట్ ఓసా తరగతి బోట్లు, మన నేవీలో విద్యుత్ తరగతి అన్నారు. పొడవు 38.6 మీటర్లు, బరువు 200 టన్నులకి అటూ ఇటూ. దాని మీద నాలుగు స్టిక్స్ మిస్సైళ్ళు, ఒక్కోటి దాదాపు 40 కిలోమీటర్లు పోతుంది. సోవియట్లు వీటిని తమ రేవుల కాపలాకి కట్టుకున్నారు. రేవులో ఉండటం, శత్రువు ఓడ దగ్గరికి రాగానే బయటికి ఉరికి కొట్టడం, మళ్ళీ రేవులోకి రావడం, అంతే వాటి పని. అందుకే ఇంధనం తక్కువ, నీళ్ళకీ డెక్కుకీ మధ్య ఎత్తు తక్కువ. నడిసముద్రం కోసం చేసినవి కావు.

1971 మొదట్లో ఇవి మన దేశానికి వచ్చినప్పుడు ఒక్కోటీ 180 టన్నులు, అంత బరువు ఎత్తి దించే క్రేను బొంబాయిలో లేదు. కలకత్తాలో దించి అక్కణ్ణుంచి తూర్పు తీరం మొత్తం చుట్టించి బొంబాయికి తాళ్ళు కట్టి లాక్కెళ్ళారు. అంటే బందరు బాబు గారూ, మీ ఊరి ముందు నుంచే పోయాయి అవి. ఇంత దూరం లాగగలిగితే కరాచీ వైపు ఎందుకు లాగకూడదు అన్న ఆలోచనకి ఆ ప్రయాణమే ధైర్యం ఇచ్చింది. యుద్ధానికి ముందు లాగుడు సాధన కూడా చేశారు.

డిసెంబరు 4 రాత్రి వెళ్ళిన మూడు మిస్సైల్ బోట్లు నిపాత్, నిర్ఘాత్, వీర్, వాటికి తోడు కిల్తాన్, కచ్ఛల్ అనే కొంచెం పెద్ద ఓడలు. దళానికి నాయకుడు బబ్రూభాన్ యాదవ్. పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్, సముద్రంలో మందుపాతరలు ఏరే మైన్‌స్వీపర్ ముహాఫిజ్ మునిగాయి. అందుకే డిసెంబరు 4 నేవీ డే. మళ్ళీ 8వ తేదీ రాత్రి వినాశ్ ఒక్కటే, తోడు తల్వార్, త్రిశూల్ ఫ్రిగేట్లు. ఆ రాత్రి నిజంగానే సముద్రం పోటెత్తి ఉంది. అయినా నాలుగు మిస్సైళ్ళూ వదిలింది, కరాచీ రేవులోని కెమారీ చమురు ట్యాంకులు తగలబడ్డాయి.

సరంగు_మనవడు:
మాది ఉప్పాడ దగ్గర. మా తాత సరంగు, అంటే బోటు నడిపించే పెద్ద, నాన్న మర బోటు మీద వెళ్ళేవాడు, నేను మాత్రం చదువు పేరుతో తప్పించుకున్నా. అలని ఎత్తుతో కొలవడం ఒడ్డున ఉన్నవాళ్ళ అలవాటు. బోటు మీద ఉన్నవాడు చూసేది ఎత్తు ఒక్కటే కాదు, అలకీ అలకీ మధ్య దూరం. రెండు మీటర్ల అల అనగానే అందరూ ఒకటే అనుకుంటారు. 12 సెకన్లకి ఒకటి వచ్చే రెండు మీటర్ల అల ఉయ్యాల, ఎక్కిస్తుంది, దింపుతుంది, టీ తాగచ్చు. అదే రెండు మీటర్లు 5 సెకన్లకి ఒకటి చొప్పున వస్తే గోడ. పడవ ముక్కు ఒకదాని మీంచి కింద పడేలోపు రెండోది మొహాన కొడుతుంది.

వాతావరణ_పిచ్చి:
సరంగు గారు చెప్పిన దానికి లెక్క కూడా ఉంది. లోతు నీళ్ళలో అల పొడవు మీటర్లలో కావాలంటే సెకన్ల వర్గాన్ని 1.56తో గుణించాలి. 12 సెకన్ల అల అంటే దాదాపు 225 మీటర్ల పొడవు. 5 సెకన్ల అల అంటే 39 మీటర్లు. ఇప్పుడు పైన చరిత్ర_పేజీ చెప్పిన ఓసా పొడవు చూడండి, 38.6 మీటర్లు! అంటే గాలి అప్పుడే లేపిన చిన్నపాటి పొట్టి అలలే ఆ బోటుకి సరిగ్గా కొలత తీసి కుట్టించినట్టు వస్తాయి. ముక్కు ఒక అల శిఖరం మీద, తోక ఇంకో శిఖరం మీద, మధ్యలో ఖాళీ. 150 మీటర్ల డిస్ట్రాయర్‌కి అదే అల తెలియను కూడా తెలియదు. చిన్న బోటుకి సముద్రం ఎప్పుడూ పెద్దదే, కానీ కొన్ని అలలు దాని మీద పగబట్టినట్టు ఉంటాయి.

రాజమండ్రి_రాకెట్:
బాసూ ఇవన్నీ పాత కథలు. ఇప్పుడు ఊగుడు తగ్గించే స్టెబిలైజర్లు, నీళ్ళు వెనక్కి చిమ్మి బోటుని తోసే వాటర్‌జెట్లు, కార్బన్ ఫైబరు బాడీలు వచ్చాయి. మునగదు కదా? మునగనప్పుడు ప్రాబ్లమ్ ఏంటి? మిస్సైల్ బటన్ నొక్కడానికి సముద్రం నున్నగా ఉండాలా ఏంటి?

పాత_ఇంజన్‌రూమ్:
తమ్ముడూ, నేను పదిహేనేళ్ళు ఇంజన్ గదిలో గడిపినవాణ్ణి, అందులో కొంతకాలం ఒక చిన్న గస్తీ బోటు మీద. ఏ బోటు, ఎక్కడ అనేది వదిలెయ్యి. మునగడం అనేది ఆఖరి సంగతి. అంతకంటే చాలా ముందే బోటు పనికిరాకుండా పోతుంది, అది మీ యూట్యూబ్ వాళ్ళకి కనపడదు.

ఒక రాత్రి సంగతి చెప్తాను. అక్టోబరు, గాలి ఈశాన్యానికి తిరుగుతున్న రోజులు. బయల్దేరినప్పుడు బానే ఉంది. రెండు గంటల తర్వాత అల పెరిగింది, బోటు ఊగుడు మొదలు. ఇంకో గంటకి ఎడమ ఇంజన్ దగ్గుతోంది. ఫిల్టరు విప్పితే నల్లటి బురద. మార్చాను. ఇరవై నిమిషాలకి మళ్ళీ దగ్గు. సంగతేంటంటే డీజిల్ ట్యాంకు అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి ఉంటుంది, సముద్రం నిమ్మళంగా ఉన్నంతకాలం అది అడుగునే నిద్రపోతుంది. బోటు కుదుపుకి అదంతా లేచి డీజిల్‌లో కలిసిపోయి ఫిల్టర్ల మీద పడుతుంది. ట్యాంకు కడగమని అంతకు ముందే రెండుసార్లు రాసిచ్చాం, ఎవరికి పట్టింది. అలా ఒక చేత్తో రైలింగ్ పట్టుకుని, మోకాళ్ళతో ఇంజన్ని వాటేసుకుని, రెండో చేత్తో ఫిల్టరు విప్పుతుంటే వేడి డీజిల్ మోచేతి దాకా కారుతోంది, పక్కనున్న కుర్రాడు బకెట్లో వాంతి చేసుకుంటున్నాడు. ఆ వాసన, ఆ డీజిల్ వాసన కలిసి నాకూ కడుపులో తిప్పింది. శత్రువు లేడు, తుపాకీ పేలలేదు, అల రెండు మీటర్లు దాటి ఉండదు. ఒక ఇంజన్ మీద వెనక్కి వచ్చాం. రిపోర్టులో "వాతావరణం అనుకూలించక" అని ఒక ముక్క రాశారు, అంతే.

నీ వాటర్‌జెట్ సంగతి కూడా విను. బోటు అల మీంచి ఎగిరినప్పుడు జెట్ నోట్లోకి నీళ్ళకి బదులు గాలి పోతుంది. బరువు తప్పిన ఇంజన్ ఒక్కసారి పిచ్చి పట్టినట్టు తిరుగుతుంది, మళ్ళీ నీళ్ళలో పడగానే గుంజుకుంటుంది. రాత్రంతా అలా చేస్తే ఏ యంత్రమైనా ఎన్నాళ్ళు?

బందరు_బాబు:
అన్నా, ఆ కుర్రాడి సంగతి చదువుతుంటేనే నాకు తిప్పుతోంది. మనుషుల పరిస్థితి ఇంకొంచెం చెప్పండి.

పాత_ఇంజన్‌రూమ్:
వేగంగా పోయే చిన్న బోటు అల మీంచి కింద పడితే నీళ్ళు మెత్తగా ఉండవు, సిమెంటు నేల మీద పడ్డట్టే. ఆ దెబ్బ నడుం మీద, మెడ మీద, మోకాళ్ళ మీద పడుతుంది. కూర్చుంటే వెన్నుపూసకి, నిలబడితే మోకాళ్ళకి. అందుకే ఇప్పుడు కమాండో బోట్లలో గుర్రం జీను లాంటి స్ప్రింగు సీట్లు పెడుతున్నారు. అమెరికా ప్రత్యేక దళాల బోట్లు నడిపినవాళ్ళలో నడుం నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్ళు చాలామంది. అవి కొంత ఓర్చుకున్నా, మూడు గంటలు అలా దెబ్బలు తిని దిగినవాడి చెయ్యి తుపాకీ మీద నిలుస్తుందా? మ్యాపు చదవగలడా? రాకెట్ తమ్ముడూ, బోటు వెళ్ళగలదా అని కాదు అడగాల్సింది. అక్కడికి చేరాక అందులోని మనుషులు ఏమన్నా చెయ్యగలరా అని అడగాలి.

ప్లిమత్_మూర్తి:
నేను ఇంగ్లండ్‌లో ఓడరేవు ఊళ్ళో ఉంటాను. ఇక్కడ పబ్‌లో పాత నావికుల దగ్గర కూర్చుంటే అర్జెంటీనాతో జరిగిన ఫాక్లండ్స్ యుద్ధం తప్ప వేరే ప్రపంచం ఉండదు. మీ జెమినీల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 1982 ఏప్రిల్‌లో దక్షిణ జార్జియా దీవిని అర్జెంటీనా నుంచి తిరిగి తీసుకోవడానికి బ్రిటిష్ వాళ్ళు వెళ్ళారు. ముందు ఎస్‌ఏఎస్ అనే తమ సైన్యపు ప్రత్యేక దళాన్ని హెలికాప్టర్లలో ఒక మంచు హిమానీనదం మీద దింపారు, మంచు తుఫానులో వాళ్ళని వెనక్కి తెచ్చుకోబోతే రెండు హెలికాప్టర్లు కూలాయి. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. సరే గాలిలో కుదరలేదని నీళ్ళలోకి దిగారు. ఐదు జెమినీలు దించారు. ఆ చలికి మూడింటి అవుట్‌బోర్డు ఇంజన్లు మొరాయించాయి. రెండు పడవలు గాలికి చీకట్లో సముద్రంలోకి కొట్టుకుపోయాయి. ఒకదాన్ని హెలికాప్టరు వెతికి పట్టుకుంది, ఇంకో దాంట్లోవాళ్ళు ఆఖరి భూమి కొసకి ఎలాగో చేరి అక్కడే కూర్చున్నారు. అది దాటితే ఇక అంటార్కిటికా సముద్రమే. ప్రపంచంలో పేరు మోసిన దళం అది, శత్రువు ఇంకా ఒక్క గుండు పేల్చలేదు!

రాజమండ్రి_రాకెట్:
సరే ఒప్పుకుంటా, దక్షిణ ధ్రువం దగ్గర అంటే ఎవడైనా ఇరుక్కుంటాడు. మన బంగాళాఖాతం అలా కాదుగా.

సరంగు_మనవడు:
బంగాళాఖాతం మంచిదని ఎవరు చెప్పార్రా బాబూ నీకు. ఒకసారి నదీ ముఖం దగ్గరికి, మేం మొగ అంటాం, పాటు వేళ, అంటే నీళ్ళు వెనక్కి తీసే వేళ, వచ్చి చూడు. గోదావరి నీళ్ళు బయటికి పోతుంటాయి, సముద్రపు అల లోపలికి వస్తుంటుంది, అడుగున ఇసక మేట. ఎదురెదురు వచ్చిన రెండూ అక్కడ నిలువునా లేస్తాయి. బయట సముద్రం నున్నగా ఉన్న రోజున కూడా మొగలో పడవలు తిరగబడతాయి. పైగా మేట నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు. మెరైన్ పోలీసుల బోట్లయినా, మార్కోస్ అయినా ఆ మొగ దాటే వెళ్ళాలి కదా. 2008 ముంబై దాడి తర్వాత తీరం పొడవునా పోలీసులకి 5 టన్నులవి, 12 టన్నులవి వేగం బోట్లు ఇచ్చారు. ఆ బోట్లు మంచివే. కానీ మేట మీద అల విరిగే రోజున 5 టన్నుల బోటుని మొగలోంచి తియ్యమంటే మా తాతయితే ఇంకో బీడీ ముట్టించి "పోటు రానీ" అనేవాడు.

వెనక నుంచి వచ్చే అల ఇంకా ప్రమాదం. ఎదురు అల కొడితే దెబ్బ తగులుతుంది గానీ పడవ నీ చేతిలో ఉంటుంది. వెనక అల తోక ఎత్తిందంటే చుక్కాని నీళ్ళలోంచి బయటికి వస్తుంది, ముక్కు కిందకి దిగుతుంది, పడవ పక్కకి తిరిగి అలకి అడ్డం పడుతుంది. ఆ తర్వాత అల పని అలది. బందరు బాబు చూసిన జెమినీ అతను మూడు అలలు ఎందుకు వదిలాడో ఇప్పుడు అర్థమైందా? అలలు గుంపులుగా వస్తాయి, పెద్దవి కొన్ని, తర్వాత చిన్నవి కొన్ని. పెద్ద గుంపు పోనిచ్చి ఆఖరి అల వీపు మీద ఒడ్డుకి రావాలి, దాన్ని దాటి ముందుకి పోకూడదు, వెనకదానికి దొరక్కూడదు.

వాతావరణ_పిచ్చి:
దీనికీ ఒక లెక్క ఉంది (నా పేరే అది, భరించండి). లోతు అల ఎత్తుకి దాదాపు 1.3 రెట్లకి పడిపోయిన చోట అల విరుగుతుంది. రెండు మీటర్ల అల రెండున్నర మీటర్ల లోతు దగ్గర విరుగుతుందన్నమాట. అందుకే మేట ఎక్కడుందో తెలియడం ప్రాణం.

ఇంకో మాట. వాతావరణ బులెటిన్‌లో "అలల ఎత్తు 2 మీటర్లు" అంటే ప్రతి అలా రెండు మీటర్లని కాదు. వచ్చే అలలన్నిట్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు అది. అదే రోజున అప్పుడప్పుడు దాదాపు నాలుగు మీటర్లది ఒకటి రావచ్చు. సముద్ర స్థితి అంకె 3 అంటే అర మీటరు నుంచి 1.25 దాకా, 4 అంటే 2.5 దాకా, 5 అంటే 4 మీటర్ల దాకా. రబ్బరు పడవలకి 3 దాటితే పని కష్టం, పెద్ద ఓడ మీంచి పడవ దించడం, మళ్ళీ ఎత్తుకోవడం అయితే ఇంకా కష్టం.

మనవాళ్ళకి ఒక సంగతి తెలియదు. ఈ సముద్రం జోస్యం చెప్పే ఆఫీసు సముద్రమే లేని హైదరాబాద్‌లో ఉంది. ప్రగతి నగర్‌లో ఇన్‌కాయిస్. అక్కణ్ణుంచే దేశం మొత్తానికి అలల ఎత్తు, ఉప్పెన, సునామీ హెచ్చరికలు పోతాయి. 2020లో వాళ్ళు చిన్న పడవల కోసమే ఒక సేవ పెట్టారు. వెడల్పు 7 మీటర్ల లోపు పడవలకి పది రోజుల ముందే ఎక్కడ తిరగబడే ప్రమాదం ఉందో చెప్తుంది. అందులో చూసేది ఏంటో తెలుసా? అల ఎత్తు, అల ఎంత నిటారుగా ఉంది, ఎన్ని దిక్కుల నుంచి వస్తోంది, గాలి ఎంత హఠాత్తుగా లేస్తోంది. సరంగు గారి తాత బీడీ కాలుస్తూ చూసిందీ అవే!

సరంగు_మనవడు:
మా తాత ఏనాడూ ప్రగతి నగర్ పోలేదు మరి 😄

చరిత్ర_పేజీ:
పోటు, పాటు అన్నారు కాబట్టి, 1943 నవంబరు 20, పసిఫిక్‌లో తరావా దీవి. దీవి చుట్టూ పగడపు దిబ్బ. ఆ దిబ్బ మీద నాలుగడుగులో ఐదడుగులో నీళ్ళుంటాయి, బోట్లు దాటిపోతాయి అనుకున్నారు అమెరికన్లు. ఆ రోజు పోటు చాలా తక్కువది, నీళ్ళు లేవలేదు. సైనికుల్ని దింపే హిగ్గిన్స్ బోట్లు దిబ్బకి తగిలి ఆగిపోయాయి. మెరీన్లు తుపాకులు నెత్తిన పెట్టుకుని జపాన్ మెషిన్ గన్లకి ఎదురుగా ఛాతీ లోతు నీళ్ళలో వందల గజాలు నడవాల్సి వచ్చింది. అక్కడ తుఫాను లేదు, పెద్ద అల లేదు. దిబ్బ మీద నీళ్ళు కాస్త తక్కువయ్యాయి, అంతే.

ప్లిమత్_మూర్తి:
నార్మండీ కూడా చెప్పాలి, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల మీదకి మిత్రదేశాల సైన్యం దిగిన ఫ్రాన్స్ తీరం. 1944 జూన్ 5కి పెట్టుకున్న దాడిని వాతావరణ అధికారి జేమ్స్ స్టాగ్ మాట విని సేనాని ఐసెన్‌హోవర్ ఒక రోజు వాయిదా వేశాడు. 6వ తేదీన కూడా సముద్రం మంచిగా లేదు, కాస్త తెరిపి ఇచ్చింది అంతే. అక్కడి ఒమాహా బీచ్ ముందు ఒక బెటాలియన్ తేలే ట్యాంకులు 29 దించారు, చుట్టూ కాన్వాసు గుడ్డ కట్టి తేలేలా చేసినవి. ఒడ్డుకి దాదాపు ఐదు కిలోమీటర్ల దూరంలో దించారు. 27 మునిగాయి. ఆ కాన్వాసు నిమ్మళమైన నీళ్ళకి తప్ప అలాంటి అలలకి చేసింది కాదు.

కానీ దీనికి ఇంకో వైపు ఉంది. అదే చెడ్డ వాతావరణం చూసి జర్మన్లు "ఇలాంటప్పుడు ఎవడొస్తాడు" అని ఆ రాత్రి తమ గస్తీ పడవల్ని బయటికి పంపలేదు. కాబట్టి సముద్రం చెడ్డదైతే దాడి చేసేవాడికే నష్టం అనుకోకూడదు.

రాజమండ్రి_రాకెట్:
అదీ! నేను అడగబోయేది అదే. వినాశ్ వెళ్ళిన రాత్రి సముద్రం పోటెత్తి ఉండటం ఒక రకంగా మంచిదే కదా?

పాత_ఇంజన్‌రూమ్:
ఇప్పుడు దారిలో పడ్డావు. సముద్రం లేచినప్పుడు రాడార్ తెర మీద అలలే చుక్కలు చుక్కలుగా కనపడతాయి, ఇసక చల్లినట్టు. అందులో చిన్న బోటు కలిసిపోతుంది. అవతలివాడికి నువ్వు కనపడవు. సరే. కానీ నీ రాడార్ కూడా అదే తెర చూస్తోంది కదా, నీకు కూడా వాడు కనపడడు. పైగా నీ రాడార్ నీళ్ళకి తక్కువ ఎత్తులో, ఊగుతున్న బోటు మీద. రేవు, రేవులో చమురు ట్యాంకులు కదలవు కాబట్టి వాటికి పర్లేదు. కదిలే చిన్న ఓడని వెతకాలంటే కష్టం. అందుకే ఇది ఏకపక్షం కాదు, రెండు వైపులా కోసే కత్తి. ఎవడు ఆ రాత్రి ఓర్చుకుని బయట ఉండగలడో వాడిది.

చరిత్ర_పేజీ:
దీనికి పూర్తిగా తిరగేసిన సంగతి ఒకటి ఉంది, నాకు బాగా ఇష్టమైనది. అరేబియా సముద్రం మీద కొన్ని నెలల్లో వేడి గాలి పైన, తేమ గాలి కింద పొరలుగా నిలబడతాయి. రాడార్ తరంగం ఆ పొరల మధ్య గొట్టంలో పోయినట్టు వంగుతూ మామూలు కంటే ఎన్నో రెట్లు దూరం పోతుంది. ఓసా బోట్ల రాడార్ ఇక్కడ సోవియట్లు చెప్పిన దానికంటే చాలా దూరంలో ఓడల్ని పట్టుకుంటోందని మనవాళ్ళు సాధనల్లోనే కనిపెట్టారు. వాతావరణం ఎప్పుడూ శత్రువే కాదు, ఒక్కోసారి చూపు అరువిస్తుంది.

నెల సంగతి కూడా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల్లో అరేబియా సముద్రం ఓసాలు తిరిగే సముద్రం కాదు. సైన్యం చలికాలం దాకా ఆగడానికి తూర్పు బెంగాల్ వరదలు, హిమాలయ కనుమల మంచు కారణమని అందరూ చెప్తారు. కానీ ఆ యుద్ధం జులైలో వచ్చి ఉంటే కరాచీ దాడి ఇలా ఉండేది కాదని నా అభిప్రాయం.

సరంగు_మనవడు:
సముద్రపు దొంగలకి కూడా ఇదే క్యాలెండరు. సొమాలియా వాళ్ళ చిన్న ఫైబరు పడవలు నైరుతి నెలల్లో దాదాపు ఒడ్డునే, గాలి తగ్గగానే మళ్ళీ బయటికి. మన నేవీ అక్కడ 2008 నుంచి గస్తీ కాస్తోంది కాబట్టి వాళ్ళకి ఇది కంఠస్థం.

ప్లిమత్_మూర్తి:
2024 మార్చిలో రువెన్ అనే హైజాక్ అయిన ఓడని ఐఎన్ఎస్ కోల్‌కతా చుట్టుముట్టినప్పుడు మార్కోస్‌ని, వాళ్ళ రబ్బరు పడవల్ని సి-17 విమానంలోంచి ప్యారాచూట్లతో సముద్రంలో పడేశారు. 35 మంది దొంగలు లొంగిపోయారు. ఆ వీడియో చూస్తే సముద్రం ఎలా ఉందో గమనించండి. మార్చి కాబట్టి. జులైలో ఆ పని చెయ్యమంటే ముందు వాతావరణం కాగితం అడుగుతారు.

రాజమండ్రి_రాకెట్:
ఓకే ఓకే. ఆఖరి ప్రశ్న. మనిషే లేని డ్రోన్ పడవలు వచ్చాయిగా, నల్ల సముద్రంలో ఉక్రెయిన్ వాళ్ళు రష్యా ఓడల్ని వాటితో ముంచారు. వాంతి చేసుకునే కుర్రాడు లేడు, నడుం నొప్పి లేదు. ఇప్పుడు సముద్రం ఏం చేస్తుంది?

పాత_ఇంజన్‌రూమ్:
మంచి ప్రశ్నే. మనిషి లేడు కాబట్టి తిరిగి రావాలన్న బాధ లేదు, నిజం. కానీ ఆ డ్రోన్ పొడవు ఐదారు మీటర్లు. కెమెరా నీళ్ళకి ఒక్క మీటరు ఎత్తులో ఉంటుంది. మీటరున్నర అల వస్తే ఆ కెమెరాకి సగంసేపు అల గోడే కనపడుతుంది. శాటిలైట్ యాంటెన్నా ఆకాశం వైపు నిలకడగా ఉండాలి, ఊగితే లింకు తెగుతుంది, మీద నీళ్ళు పొర్లితే తెగుతుంది. ఎదురు అలలో వేగం పడిపోతుంది, మరి డ్రోన్ బతికేదే వేగం మీద. మనిషిని దించేశారు, పడవ మాత్రం ఇంకా పడవే. జెట్ నోట్లోకి గాలి పోవడం దానికీ తప్పదు.

వాతావరణ_పిచ్చి:
2023 నవంబరు చివర్లో నల్ల సముద్రంలో పెద్ద తుఫాను వచ్చి క్రిమియా తీరాన్ని అతలాకుతలం చేసింది. అలాంటి రోజున డ్రోన్ ఏంటి, దాన్ని ఆపడానికి కట్టిన వలలకే దిక్కు లేదు. మళ్ళీ అదే రెండు వైపులా కోసే కత్తి.

బందరు_బాబు:
అందరికీ థాంక్స్. మునుగుతుందా అని అడిగినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. భీమిలిలో మార్కోస్ స్థావరం ఐఎన్ఎస్ కర్ణ ఉంది కదా, ఈసారి వైజాగ్ వచ్చినప్పుడు భీమిలి వైపు ఒడ్డున కూర్చుని ఏమన్నా సాధన కనపడుతుందేమో చూస్తాను. ఏ నెలలో రమ్మంటారు?

సరంగు_మనవడు:
ఫిబ్రవరిలో రా, సముద్రం చాపలా పరిచి ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. వాళ్ళ పనితనం చూడాలంటే మాత్రం అక్టోబరు ఆఖర్లో రా. తుఫాను ఏదీ లేకుండా, రేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక కూడా ఎగరెయ్యకుండా, గాలి మాత్రం ఉన్న రోజు చూసుకో. ఒడ్డున ముసలాళ్ళు ఎవరైనా వల బాగుచేసుకుంటూ కూర్చుని, పడవ దించకుండా ఉన్నారంటే ఆ రోజే.

పాత_ఇంజన్‌రూమ్:
వచ్చేటప్పుడు ఖాళీ కడుపుతో రాకు. నిండా తిని కూడా రాకు. రెండు ఇడ్లీ.